పెరల్ హార్బర్‌లో గుర్తొచ్చిన ఐస్‌క్రీమ్ డబ్బా

పెరల్ హార్బర్‌కి వెళ్లేవాళ్లు యుద్ధం గుర్తులు చూడ్డానికి వెళ్తారు. నేనూ అందుకే వెళ్లా. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మా ఇంట్లోని అక్వేరియం గురించే ఆలోచిస్తూ వచ్చా.

ఉండేది డాలస్‌లో. హాల్లో టీవీ పక్కన 40 గ్యాలన్ల ఉప్పునీటి తొట్టె. రెండేళ్ల కిందట అందులో చిటికెన వేలంత పల్సింగ్ జీనియా ముక్క పెట్టాను. మెత్తటి కోరల్ అది. కొమ్మల చివర బుల్లి చేతుల్లాంటివి పిడికిలి మూసి తెరిచినట్టు ఆగకుండా కదులుతుంటాయి. ఆఫీసు కాల్స్ అయ్యాక దాని ముందు కూర్చుంటే మనసు కుదుటపడేది. ఏడాది తిరిగేసరికి పెట్టిన రాయే కాదు, పక్క రాళ్లూ దానివే! నిదానంగా పెరిగే గట్టి కోరల్స్‌కి వెలుతురు అందకుండా కమ్మేసింది.

తొట్టెలోనే కత్తెర పెట్టి కోశా. అదే తప్పు. తెగిన ముక్కలు నీళ్లలో కొట్టుకుపోయి, ఆనిన చోటల్లా అంటుకుని మళ్లీ పెరిగాయి.

తీసినవి చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాలేదు. ప్రాణం ఉన్నవి కదా. "సముద్రంలోవే కదా మామా, సముద్రంలోనే వదిలెయ్" అన్నాడు ఫ్రెండ్. నిజమే అనిపించింది. గత వేసవిలో గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్తూ, ఐస్‌క్రీమ్ డబ్బాలో ఉప్పునీళ్లు పోసి వాటిని తీసుకెళ్లా. ఐదు గంటల డ్రైవ్. తీరా చూస్తే బీచ్ నిండా జనం. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక డబ్బా బయటికి తీయనేలేదు. అలాగే వెనక్కి తెచ్చేశా.

డిసెంబర్‌లో హవాయి ట్రిప్. 1941 డిసెంబర్ 7న జపాన్ దాడిలో మునిగిన యూఎస్‌ఎస్ అరిజోనా ఓడ మీద కట్టిన స్మారకానికి బోటులో తీసుకెళ్తారు. ఆ ఒక్క ఓడలోనే 1,177 మంది చనిపోయారు. ఇప్పటికీ కింది నుంచి నూనె చుక్కలు పైకి తేలుతూనే ఉంటాయి. అందరూ మౌనంగా నీళ్లకేసి చూస్తున్నారు.

నేను చూస్తున్నది వేరు. బోటు కోసం క్యూలో ఉండగా ఫోన్‌లో చదివా. 2020లో ఈ హార్బర్ అడుగున యూనోమియా అనే మెత్తటి కోరల్ కనిపించిందట. మా జీనియాకు చుట్టమే, ఇద్దరిదీ ఒకే కుటుంబం. హవాయిది కాదది. ఎవరి అక్వేరియం నుంచో వచ్చి ఉంటుందని అనుమానం. వెనెజులా తీరంలోనూ ఇది అక్కడి కోరల్స్‌ని కప్పేసింది.

నాకు మా కోనసీమ కాలవ కళ్లముందు కదిలింది. గుర్రపుడెక్క! దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఊదా పూలు బాగున్నాయని దేశదేశాలకి మోసుకెళ్లారు. చేనుకి నీళ్లు పారక నాన్న మోకాళ్ల లోతు దిగి దాన్ని లాగడం చిన్నప్పుడు గట్టు మీంచి చూసేవాణ్ణి. ఆ రోజు గాల్వెస్టన్‌లో జనం లేకపోతే? నన్ను ఆపింది తెలివి కాదు, మొహమాటం.

ఇంటికొచ్చాక పద్ధతి మార్చా. రాయిని బయటికి తీసి, మొదలంటా గీకుతున్నా. కాస్త కండ మిగిలినా మళ్లీ మొలుస్తుంది మరి. జీనియా రాయి ఒక్కదాన్నే ఇసుక మధ్యలో పెట్టి, చుట్టూ జానెడు ఖాళీ వదిలా. కావాలన్న అక్వేరియం వాళ్లకి కొన్ని ముక్కలిస్తా. మిగతావి కవర్లో కట్టి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఆ తర్వాతే చెత్తలోకి.

"కరివేపాకు పక్కన ఇదేంటి?" అని మా ఆవిడ గొడవ. కవర్ కట్టేటప్పుడు ఇప్పటికీ చెయ్యి ఓ క్షణం ఆగుతుంది. అప్పుడు నాన్న గుర్తొస్తారు. లాగిన గుర్రపుడెక్కని ఆయన ఎప్పుడూ గట్టుకి అవతలికే విసిరేవారు, మళ్లీ నీళ్లలోకి జారకుండా.