ఓడమీద పోయినవాని సొమ్ము

మా యానాం వారికి సముద్రం పరాయిది కాదు. ప్రక్కనున్న కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టేవారు. 1839 నాటి ఉప్పెనతో ఆ రేవు వైభవం పోయింది. ఆ రోజుల్లో ఓడ మునిగితే కలాసీ భార్యకు మిగిలేది ఏడుపే. కార్మికుల నష్టపరిహారానికి చట్టమంటూ వచ్చింది 1923లో. అందులో ఓడ సరంగులకూ నావికులకూ వేరుగా ఒక సెక్షను, పదిహేనవది, పెట్టారు. గుమాస్తా పనిలో తల నెరిసిన నాకు ఆ చట్టం కొంత తెలుసును గాని, దాని విలువ బోధపడింది 2011లో.

మా వీధిలో ఒక అమ్మాయి భర్త మన దేశంలోనే రిజిస్టరయిన సరుకు ఓడలో కలాసీ. పడమటి తీరాన రేవులో ఓడ ఆగి ఉండగా, సరుకు వేసే గదిలోకి జారిపడి పోయాడు. వయసు 35. నెల తిరగకముందే కంపెనీ తరఫు మనిషి రూ. 75,000 చెక్కూ, ఒక కాగితమూ పట్టుకొని వచ్చాడు.

“బాబయ్యగారూ, సంతకం పెట్టమంటున్నారు. ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పండి” అంటూ ఆ అమ్మాయి చంటిపిల్లతో వచ్చి మా అరుగుమీద కూర్చున్నది.

రావలసినదంతా ముట్టిందనీ, ఇక ఏ దావా లేదనీ ఇంగ్లీషులో వ్రాసి ఉన్నది. వచ్చిన మనిషి మర్యాదస్థుడే. “నడుముకు తాడు కట్టుకోలేదమ్మా, తప్పు ఆయనదే. అయినా మేము ఇస్తున్నాం” అన్నాడట. ఆ ‘అయినా’ నాకు నచ్చలేదు.

ఆ చట్టం ప్రకారం తాగి ఉన్నాడనీ, చెప్పిన మాట వినలేదనీ, రక్షణ సాధనం వదిలేశాడనీ యజమాని చెప్పే సాకులు చిన్న దెబ్బలకే చెల్లుతాయి; మనిషే పోయినప్పుడు చెల్లవు. చనిపోయినవాని పరిహారాన్ని యజమాని కమిషనరు దగ్గర జమ కట్టాలి. కుటుంబం చేతిలో నేరుగా పెట్టినది, మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సు తప్ప, పరిహారం క్రింద లెక్కకు రాదు. హక్కు వదులుకొన్నామని వ్రాసి ఇచ్చినా ఆ వ్రాత చెల్లదు. భర్త పోయిన ఇంట్లో నలుగురు చేరి సంతకం పెట్టిస్తారని చట్టం వ్రాసినవారికి ముందే తెలుసు కాబోలు!

లెక్క కట్టి చూశాము. అప్పట్లో జీతం ఎంతయినా నెలకు రూ. 8,000 వరకే పరిగణించేవారు. అందులో సగం రూ. 4,000. దానిని 35 ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న 197.06తో హెచ్చిస్తే రూ. 7,88,240. ఆ అంకె రెండుమార్లు చదివించుకొని, ఆ అమ్మాయి చెక్కు తిప్పి పంపేసింది.

ఒక్కటే తొందర. నేలమీద పనివానికి రెండేళ్ల గడువిచ్చిన చట్టం, నావికుడు పోతే కబురు అందిన ఏడాదిలోగా దావా వేయమన్నది. ఓడ అందరితో మునిగిపోతే 18 నెలలు. సముద్రం మీద నుంచి కబురే ఆలస్యంగా వస్తుంది, గడువేమో తక్కువ! ఇదేమి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే 1995 సవరణ తరువాత, కుటుంబం కాపురమున్న చోటే దావా వేసుకొనే వీలు కలిగింది. బొంబాయి తిరగనక్కర లేకపోయింది.

రెండేళ్లకు పైగా వాయిదాలు నడిచాయి. చివరకు 12 శాతం వడ్డీతో సహా సొమ్ము జమ అయింది. పిల్ల వాటాను కమిషనరు బ్యాంకులో వేయించాడు.

ఆ పాత చట్టం ఇప్పుడు లేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడు దాని స్థానం తీసుకొన్నది; గడువులూ సెక్షన్లూ ఇక అందులోనే చూచుకోవాలి. పరదేశపు జెండా ఓడ అయితే దారి వేరు. అక్కడ ఒప్పంద పత్రమూ, 2015లో మన దేశం ఆమోదించిన సముద్ర కార్మిక ఒడంబడికా ముఖ్యం. దాని ప్రకారం మరణానికీ అంగవైకల్యానికీ భీమా పత్రం ఓడలో అందరికీ కనబడేచోట అంటించి ఉంచాలి. సెలవుకు వచ్చిన కుర్రవాళ్లను నేను దాని ఫోటో ఇంట్లో ఇచ్చి వెళ్లమంటున్నాను. ఒప్పంద పత్రం నకలు, జీతం చీటీ కూడా.