స్విచ్చి ఆపిన తరువాత

మా ప్రయోగశాలలో ఒక మూలన పాత పరీక్షా పరికరాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒక ఆసిలోస్కోప్‌ను బాగుచేయాలని, కొత్తగా చేరిన యువ ఇంజనీరు ఒకడు ఈమధ్య ఉత్సాహపడ్డాడు. ప్లగ్గు ఊడదీసి, మూత స్క్రూలు విప్పి, లోపల చేయి పెట్టబోతుండగా “ఆగు బాబూ!” అని కొంచెం గట్టిగానే అన్నాను. “కరెంటు తీసేశాను కదా సార్!” అన్నాడు ఆశ్చర్యంగా. నాకు కోపం రాలేదు. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నవాడినే. ఆ మాటకు మూల్యం మాత్రం మరొకరు చెల్లించారు.

అది 1996వ సంవత్సరం. నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. విదేశీ పరికరం ఒకటి ఉన్నట్టుండి మూగబోయింది. దాని పవర్ సప్లై స్విచ్చింగ్ పద్ధతిది. అంటే, సరఫరా కరెంటును ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే డి.సి.గా మార్చి, ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపి, ఆ తరువాత ట్రాన్సిస్టర్ ద్వారా అతివేగంగా తెంపుతూ కలుపుతూ వాడుకుంటుంది. 230 వోల్టుల ఏ.సి. శిఖర విలువ దాదాపు 325 వోల్టులు. కెపాసిటర్ మీద నిలిచేదీ సుమారుగా అంతే.

నాతో పనిచేసే సీనియర్ టెక్నీషియన్ వయస్సులో నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ప్లగ్గు తీసి అయిదు నిమిషాలు ఆగాము. నేను సర్క్యూట్ పటం చూశాను. కెపాసిటర్‌కు అడ్డంగా బ్లీడర్ రెసిస్టర్ ఉన్నది. దాని విలువను బట్టి నాలుగు నిమిషాలలో ఆవేశమంతా హరించుకుపోవాలి. ఆయన మీటరు కోసం చేయి చాచారు. “అవసరం లేదులెండి, పటంలో బ్లీడర్ ఉంది” అన్నాను. ఇంజనీరు మాట కదా అని ఆయన మీటరు వదిలి, బోర్డును రెండు చేతులతో పట్టుకుని పైకెత్తారు. అడుగున ఆయన వేళ్లు కెపాసిటర్ రెండు కొసలకూ తగిలాయి.

ఒక్క కేక. స్టూలుతో సహా వెనుకకు పడ్డారు. ఇనుప బీరువా అంచు తగిలి మోచేయి చీరుకుపోయింది. కుట్లు పడ్డాయి. కరెంటు ఒక చేతి నుండి రెండవ చేతికి గుండె మీదుగా ప్రవహించింది. బ్రతికి బయటపడటం అదృష్టమే తప్ప నా తెలివితేటల వలన కాదు. డిస్పెన్సరీలో ఆయన నాతో అన్న మాట ఇది: “ఇంట్లో చెప్పకండి బాబూ. మెట్ల మీద జారానని చెబుతాను. అసలు సంగతి తెలిస్తే రేపటి నుంచి నన్ను డ్యూటీకి పోనివ్వరు.” ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు పరిశీలిస్తే కారణం తేలింది. బ్లీడర్ రెసిస్టర్ పైకి చెక్కుచెదరకుండా ఉన్నా లోపల తెగిపోయి ఉన్నది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి. పరికరం సవ్యంగా పనిచేస్తున్నప్పుడు స్విచ్చి ఆపినా కెపాసిటర్‌లోని శక్తిని తక్కిన సర్క్యూటే చాలావరకు పీల్చివేస్తుంది. పీల్చుకోవలసిన ట్రాన్సిస్టర్ దశ చచ్చిపోతే ఆ శక్తి అక్కడే కూర్చుంటుంది. అనగా, పనిచేసే పరికరం కంటే పనిచేయని పరికరమే ఎక్కువ ప్రమాదకరం. మరమ్మతుకు మన దగ్గరకు వచ్చేవి అటువంటివే కదా! 325 వోల్టుల వద్ద 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో సుమారు 25 జౌళ్ల శక్తి ఉంటుంది. రెండున్నర కిలోల బరువు మీటరు ఎత్తు నుండి పడినంత శక్తి అది.

పటం ఉండవలసినదాన్ని చెబుతుంది, ఉన్నదాన్ని చెప్పదు. ఉన్నదాన్ని చెప్పేది మీటరే. ఆనాటి నుండి నేను పాటిస్తున్న క్రమం ఇది. ముందుగా ప్లగ్గును పూర్తిగా ఊడదీసి, కంటికి కనబడేచోట పెట్టుకోవాలి. తరువాత మీటరును తెలిసిన వోల్టేజి మీద పరీక్షించాలి. చెడిపోయిన మీటరు కూడా సున్నాయే చూపిస్తుంది! అటుపైన కెపాసిటర్ కొసల వద్ద కొలవాలి. ఆవేశం ఉంటే స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయరాదు. నిప్పురవ్వలు ఎగసి లోహం కరిగి చిందవచ్చు, కెపాసిటర్ కూడా దెబ్బతింటుంది. బాగా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో 10 కిలో ఓముల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ను తగిలించి అర నిమిషం ఉంచితే చాలు. పిమ్మట మళ్లీ కొలవాలి. కొన్ని కెపాసిటర్లు ఖాళీ అయిన తరువాత కూడా కొంత వోల్టేజిని తిరిగి కూడదీసుకుంటాయి. కావున పని ముగిసేవరకు రెసిస్టర్‌ను తీయకపోవడమే మేలు. పిక్చర్ ట్యూబు ఉన్న పరికరాలలో ఆనోడు వద్ద వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. దానికి తగిన హై వోల్టేజి ప్రోబు, వేరే సరంజామా లేనిదే దాని జోలికి పోరాదు.

ఇంకొక భ్రమను గురించి కూడా చెప్పాలి. డిమ్మర్‌స్టాట్ పెట్టాము కనుక భయం లేదనుకుంటారు కొందరు. అది వోల్టేజిని తగ్గిస్తుందే గాని సరఫరా నుండి మనలను వేరుచేయదు. ఆ పని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ది. కొలిచే ఆసిలోస్కోప్ ఎర్త్ పిన్నును విరిచి పని కానిచ్చుకోవడం మరీ తప్పు. అప్పుడు దాని లోహపు పెట్టె మొత్తం ప్రాణాంతకమైన వోల్టేజికి చేరవచ్చు.

ఆ టెక్నీషియన్ గారు కోలుకుని వచ్చాక నాకు ఓపికగా విద్య నేర్పారు. మా వద్ద టెక్‌ట్రానిక్స్ 545 అనే వాల్వుల ఆసిలోస్కోప్ ఉండేది. దానిలో మైనస్ 150, ప్లస్ 100, 225, 350, 500 వోల్టుల సరఫరాలు ఉంటాయి. మైనస్ 150 వోల్టులే తక్కినవాటికి ఆధారం. అది తప్పితే అన్నీ తప్పుతాయి. కావున మొదట దానినే చూడాలనేవారు. అందులోని పింగాణీ పట్టీల మీద మామూలు సోల్డరు వాడితే పట్టీకి అంటిన వెండి పూత కరిగిపోతుంది. అందుకే వెండి కలిపిన సోల్డరు చుట్టను తయారీదారులే లోపల ఉంచేవారు. విప్పిన ప్రతి తీగనూ ఆయన కాగితం మీద గీసుకునేవారు. ట్రాన్సిస్టర్ల కింది అభ్రకపు రేకులను లెక్కపెట్టి దాచేవారు. ఒక్క రేకు మరచినా లోహపు చట్రానికి షార్టు అవుతుంది.

పదవీ విరమణ నాడు ఆయన నా చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టారు. విప్పి చూస్తే రెండు క్లిప్పులు, స్లీవు తొడిగిన తీగలు, నడుమ 10 కిలో ఓముల రెసిస్టర్. ఆయనే స్వయంగా చేసినది. “నా తరువాత వచ్చే వాళ్ల చేత కొలిపించండి బాబూ” అన్నారు.

మొన్న ఆ యువకుడికి అదే ఇచ్చాను. ముందు కొలిచాడు. మీటరు 140 వోల్టులు చూపింది. అతని ముఖం పాలిపోయింది. ఏమీ మాట్లాడకుండా క్లిప్పులు తగిలించి, గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం అతడు క్షేమంగా ఇంటికి వెళ్లాడు. ఎవరికీ ఏ అబద్ధమూ చెప్పవలసిన అవసరం లేకుండా వెళ్లాడు.