బల్ల ఆడదంట!

తప్పులుంటే మన్నించండి. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పట్టుకున్నది 62వ ఏట మన సంఘం ఆదివారం క్లాసులో అని ఈ గుంపులో పాతవాళ్లందరికీ తెలుసు. పోయిన ఆరు నెలలు మేమిద్దరం దంపతులం అమెరికాలో, హ్యూస్టన్ పక్క ఊరిలో కూతురింట ఉండి వచ్చినాము. అక్కడ ఏమేం చూసినారని అందరూ అడుగుతాండారు. చూసింది తక్కువే. ఒక పని మాత్రం చేసినాము. స్కూల్లో చేరినాము.

సంగతి ఏమంటే, మనవరాలు తొమ్మిదో క్లాసు. ఆ టెక్సాస్ రాష్ట్రంలో హైస్కూలు ముగించాలంటే ఇంగ్లీషు కాక ఇంకో భాష ఏదైనా ఒకటే రెండేళ్లు చదవాలంట. మా పాప స్పానిష్ తీసుకుంది. మాకు మనసులో కొంచెం ముల్లు గుచ్చుకుంది. ఇంట్లో మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల, ఎవరిదో భాషను రాత్రి పది దాకా వల్లె వేస్తాంది. ఒకరోజు ఆగలేక, "తెలుగు తీసుకోకూడదా పాపా?" అని అడిగేసినాము.

"మా స్కూల్లో లేదు కదా తాతా. మీ స్కూల్లో ఉండిందా?"

ఉండలేదు. మా చిన్నప్పుడు తిరుచ్చి పక్కన మేం చదివిన బడిలో తమిళం, ఇంగ్లీషు, అంతే. నోరు మూసుకున్నాము.

ఆ ఊరి హైస్కూల్లో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చిన్న చిన్న క్లాసులు పెడతారు. కుట్టుపని, కంప్యూటర్, అట్లాగే మొదటి మెట్టు స్పానిష్. మంగళవారాలు, ఎనిమిది వారాలు. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. అల్లుడుగారు సరదాకి అన్నారు, మా ఇంటావిడ నిజంగానే పేరు ఇచ్చేసింది. "ఇంట్లో గోడలు చూస్తా కూర్చునేదానికి ఇది మేలు కదండీ" అంది.

కుర్చీ, పలక ఒకటిగా అతికించిన పిల్లల బెంచీలు. అందులోకి దూరడం సులువు, లేవడమే కష్టం. గోడ మీద రంగుల పేర్లు, వారాల పేర్లు, స్పానిష్ మాట్లాడే ఇరవై దేశాల పటం. మాతో పన్నెండు మంది. ఒక నర్సమ్మ, ఇల్లు కట్టే కాంట్రాక్టరు ఒకరు, కొత్తగా పెళ్లయి అత్తగారితో మాట్లాడాలని వచ్చిన కుర్రాడు. ఆ కుర్రాడి అవసరమే అందరికన్నా జాస్తి.

పంతులమ్మ మెక్సికో ఆవిడ. ఆమెను "మాయెస్త్రా" అనాలి. వినగానే మాకు నవ్వొచ్చింది. మనం ఇల్లు కట్టించేటప్పుడు పిలిచే మేస్త్రీ, పోర్చుగీసువాళ్లు వదిలిపోయిన మాట. ఈ మాయెస్త్రా దానికి తోబుట్టువే. ఆ తరువాత ఇంకా దొరికినాయి. అలమారకు "అర్మారియో", తువ్వాలుకు "తోఆయా", బొత్తాముకు "బొతోన్". తమిళంలో తాళం చెవిని సావి అంటాం కదా, అది పోర్చుగీసు మాట, దాని స్పానిష్ చెల్లెలు "యావె".

మొదటి రోజు ఆవిడ ఒక్క అక్షరం నేర్పలేదు. "మె యామో..." అని తన పేరు చెప్పి చెయ్యి చాపింది. మేమూ "మె యామో" అని పేరు చెప్పినాము. గంట తిరిగేసరికి పన్నెండు మందీ లేచి తిరుగుతా ఒకరి పేరు ఒకరు అడుగుతాండారు. అప్పుడు మాకు మా ప్రబోధ్ క్లాసు జ్ఞాపకం వచ్చింది. రైల్వేలో ఉన్నవాళ్లకు తెలుసు, హిందీ రానివాళ్లను ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అని మూడు పరీక్షలకు పంపేవారు. ఆఫీసులోనే ఒక గదిలో నలభై ఏళ్లవాళ్లం పిల్లల మాదిరి కూర్చుని క, ఖ, గ, ఘ దిద్దినాము. పరీక్ష పాసైనాము, బహుమతి డబ్బూ తీసుకున్నాము. కానీ హిందీ మాట్లాడింది ఆ క్లాసు వల్ల కాదు, బుకింగ్ కౌంటర్లో నిలబడిన బీహారు కూలీల వల్ల.

రెండో వారం మాకు పండగ. స్పానిష్‌లో రెండు రకాల "ర" ఉంది. "పెరో" అంటే కానీ. నాలుక గట్టిగా కదిలించి "పెఱ్ఱో" అంటే కుక్క. తక్కినవాళ్లు ఆ ఱ పలకలేక నానా అవస్థ. మాకేమి? తమిళంలో కరి అంటే బొగ్గు, కఱి అంటే కూర, ఒకటో క్లాసులో వాధ్యారు బెత్తం పట్టుకుని నేర్పినారు. తెలుగులోనూ పాత పుస్తకాల్లో గుఱ్ఱము, కఱ్ఱ అని బండి ఱ ఉంది కదా, ఇప్పుడు రాసేవాళ్లు లేరు. త, ద కూడా మన మాదిరే పంటికి తగిలే శబ్దాలు. ఇంగ్లీషువాళ్ల ట, డ లు అక్కడ చెల్లవు. మాయెస్త్రా మమ్మల్ని లేపి నిలబెట్టి, మీరేం పని చేసేవారని అడిగింది. రైల్వే అనాలి. స్పానిష్‌లో రైల్వేను ఏమంటారో తెలుసా? "ఫెఱ్ఱోకఱ్ఱీల్". ఒకే మాటలో రెండు బండి ఱ లు! 34 ఏళ్ల సర్వీసు తరువాత ఆ మాట పలికి చప్పట్లు కొట్టించుకున్నాము. రిటైరైనవాణ్ణి "హుబిలాదో" అంటారు. సంతోషానికి ఉన్న మాటా అదే వేరు నుంచి వచ్చిందంట. మా మోకాళ్లను అడిగి పెట్టిన పేరు కాదు.

గర్వం మూడో వారం దిగింది. ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయ్యుండాలి. బల్ల ఆడది, పుస్తకం మగవాడు. చివర "ఆ" వస్తే ఆడది, "ఓ" వస్తే మగ అని నేర్పి, మరుసటి నిమిషమే చెయ్యికి "లా మానో", దినానికి "ఎల్ దీయా" అని తిరగేసినారు. మేము లెక్క తప్పినప్పుడల్లా మా ఇంటావిడ సరిగ్గా చెప్పేది. క్లాసు అయి కారులో వస్తా ఉండగా ఆమె ఒక మాట అంది. "వీళ్లు బల్లను ఆడదాన్ని చేసినారు. మన తెలుగులో బల్ల వచ్చింది, ఆవిడ వచ్చింది, రెంటికీ ఒకటే వచ్చింది. వాళ్లు బల్లకు మర్యాద ఇచ్చినారు, మనోళ్లు ఆడదాన్ని బల్లతో చేర్చినారు." తమిళంలో వందాళ్ అని ఆడవాళ్లకు వేరేగా ఉంది కదా. ఇన్నేళ్లు రెండు భాషలూ మాట్లాడినాము, ఇది మాకు తట్టలేదు. ఎనిమిదో క్లాసుతో చదువు మాన్పించిన ఆవిడకు తట్టింది.

కొన్ని మాత్రం మన ఇంట్లో మాటల్లానే ఉన్నాయి. "మె గుస్తా ఎల్ మాంగో" అంటే మాటకు మాట నాకు మామిడి నచ్చుతుంది. ఇంగ్లీషువాళ్లకు అది తలకిందులు, మనకు నేరు దారి. నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పనక్కరలేదు, క్రియ తోకే చెప్తుంది. నువ్వుకు "తూ", మీరుకు "ఉస్తేద్". పాపకు ఇంగ్లీషులో లేని ఆ మీరు స్పానిష్‌లో దొరికింది. ఒకరోజు మా ఇంటావిడతో, "అవ్వా, నిన్ను ఉస్తేద్ అనాలా, తూ అనాలా?" అని అడిగింది. అవ్వను నువ్వు అంటేనే దగ్గర అని చెప్పినాము.

ఐదో వారం మెక్సికన్ అంగడికి వెళ్లినాము. చింతపండు, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, బొప్పాయి, మన సంతే అనుకోండి. మామిడిపండ్ల పెట్టె చూపించి మా ఇంటావిడ "క్వాంతో క్వెస్తా?" అంది. కౌంటరమ్మ సంతోషంతో గబగబా ఏమేమో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అంకె మాత్రం వినబడింది, చివర 60 సెంట్లు అనుకుని ఇచ్చినాము. కాదు, 70. అరవై "సెసెంతా", డెబ్బై "సెతెంతా", మధ్యలో ఒక్క అక్షరం తేడా. ఇన్నేళ్లు చిల్లర లెక్కపెట్టి ఇచ్చినవాళ్లం, పది సెంట్ల దగ్గర నిలబడిపోయినాము. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఓపికగానే ఉన్నారు. మేము కౌంటర్ లోపల ఉన్నప్పుడు అంత ఓపిక చూపించినామా అని తోచింది.

ఆ రాత్రి పాపకు నాయన కార్డుల సంగతి చెప్పినాము. 1982లో మాకు అరక్కోణంలో పోస్టింగు. నాయనకు తెలుగు తప్ప రాయడం రాదు. ఆయన తెలుగులో కార్డు రాస్తే మాకు చదవను రాదు. క్యాంటీన్‌లో నెల్లూరు ఆయన ఉండేవాడు, టీ తాగేవాళ్లందరి ముందూ గట్టిగా చదివేవాడు. అమ్మకు ఒళ్లు బాగాలేదని, డబ్బు పంపమని, అన్నీ. మేము తమిళంలో జవాబు రాస్తే అక్కడ నాయన ఇంకొకరిని పట్టుకునేవాడు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడేది ఒకే భాష, ఉత్తరానికి మాత్రం ఇద్దరికీ దుబాసీ కావాలి. పాప చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ కార్డులు ఉన్నాయా?" అని మాత్రం అడిగింది.

తిరిగి వచ్చినాక ట్రంకు పెట్టెలో వెతికితే నాలుగు దొరికినాయి. మన సంఘం క్లాసులో ఇప్పుడు ముగ్గురు పిల్లలే మిగిలినారని, నిలిపేద్దామని మాట వచ్చిందని విన్నాము. నిలపకండి. మూడు నెలలు ఋ, ౠ దిద్దించే పని మాత్రం నిలపండి. మొదటి ఆదివారం పేర్లు అడిగిద్దాం, రెండో ఆదివారం ధరలు అడిగిద్దాం, అక్షరాలు తరువాత వస్తాయి. కావాలంటే మేము వచ్చి కూర్చుంటాము.

మొదటి కార్డు ఫోటో తీసి పాపకు వాట్సాప్‌లో పంపినాము. రోజుకు రెండు మాటలు చదువుతాంది, తెలియని అక్షరం చుట్టూ గుండ్రం గీసి తిరిగి పంపుతాంది. నిన్న మొట్టమొదటి మాట దగ్గర గీసింది. "తాతా, చి పక్కన ఈ రెండు నిలువు గీతలు ఏంటి? స్పానిష్‌లో తలకిందుల ప్రశ్న గుర్తు లాంటిదా?"

చి॥ అంటే చిరంజీవి పాపా, మమ్మల్నే అని జవాబు పెట్టినాము.