రేకు కింద మా అమ్మ

పోయిన వారం హాస్టల్ మెస్సు బిల్లుల గురించి రాస్తానని మాటిచ్చాను. రాయలేకపోయాను. పదిహేను రోజులుగా నా బుర్రంతా మా అమ్మ ఇంటి పైకప్పు మీదే ఉంది. కాబట్టి ఈ వారం రేకుల గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. కాలనీ ఇళ్ళల్లో పుట్టిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మాత్రం చివరిదాకా చదవండి, మీ ఇంటికీ పనికొస్తుంది.

మా అమ్మ రేపల్లె అవతల కాలనీ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఎన్టీఆర్ పక్కా ఇళ్ళ రోజుల్లో మా మాదిగపల్లెకి వచ్చిన ఇల్లు. ఒక గది, ముందు వరండా. గది మీద స్లాబు, వరండా మీద సిమెంటు రేకులు. స్లాబు ఆరిన మొదటి రాత్రి మా తాత చాప తీసుకుని దాని మీదకెక్కి పడుకున్నాడట. "పల్లెలో మేడ మీద పడుకున్న మొదటి మనిషిని నేనే" అని పోయేదాకా చెప్పుకున్నాడు. ఆయన సంబరం మీకు అర్థం కావాలంటే బాబాసాహెబ్ రచనల ఐదో సంపుటం తియ్యండి. అంటరానివాళ్ళు చేస్తే ఊళ్ళు నేరంగా చూసిన పనుల జాబితా ఒకటి అందులో ఉంటుంది. భూమి, పశువులు సంపాదించుకోవడం నేరం. శుభ్రమైన బట్ట కట్టడం, చెప్పులు తొడగడం, గడియారం పెట్టుకోవడం నేరం. ఆ వరసలోనే పెంకుటిల్లు కట్టుకోవడం కూడా ఉంది. పెంకుకే దిక్కులేని కులంలోంచి వచ్చి స్లాబు మీద పడుకున్నాడు మా తాత.

తాటాకు చల్లగా ఉంటుందని ఇప్పుడు సముద్రం ఒడ్డు రిసార్టుల వాళ్ళు డబ్బులు తీసుకుని మరీ చెబుతున్నారు. చల్లగా ఉంటుంది, నిజమే. అంటుకుంటుంది కూడా. 1968 డిసెంబర్ 25 రాత్రి తమిళనాడు కీళవెణ్మణిలో, కూలి పెంచమన్న పాపానికి తరిమితే ఒక గుడిసెలో దూరిన 44 మంది దళితుల్ని ఆ గుడిసెతో సహా తగలబెట్టారు. గాలికీ ఆగదు తాటాకు. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి మా అమ్మ పన్నెండేళ్ళ పిల్ల. కప్పు మొత్తం గొడుగు లేచినట్టు లేచి వెళ్ళిపోతే, మా అమ్మమ్మ పిల్లల్ని కాలువ గట్టు మీద తాటిచెట్టుకి చీరతో కట్టేసింది. అవతల దివిసీమలో శవాలు గుట్టలు పడ్డాయి, పది వేల మందికి పైగా పోయారు. వీళ్ళు బతికారు. అప్పట్నుంచీ మా అమ్మకి గాలి చప్పుడంటే భయం. అందుకే స్లాబు అంటే ప్రాణం.

ఆ స్లాబు ఇప్పుడు రాలుతోంది. పోయిన ఆగస్టులో ఒక సాయంత్రం అరచేతంత మందాన పెచ్చు ఊడి సరిగ్గా మంచం మీద, తల పెట్టుకునే చోట పడింది. అమ్మ అప్పుడు దొడ్లో బట్టలు తీస్తోంది. నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. "మీ కుటుంబం ఒకసారి లబ్ధి పొందింది కదండీ" అన్నారు. ఔను, నలభై ఏళ్ళ కిందట పొందాం. ఏ రేవులోంచి తెచ్చిన ఇసుకో, ఎంత సిమెంటు కలిపారో, ఎంత మిగుల్చుకున్నారో తెలీదు గానీ ఆ లబ్ధి ఇప్పుడు మా అమ్మ నెత్తిన పడుతోంది.

మా అక్క కూతురు బాపట్లలో సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సెలవుకి వచ్చి చిన్న సుత్తితో స్లాబంతా తట్టి చూసింది. ఖంగుమన్న చోట వదిలేసి, బోలుగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రాలు గీసింది. "ఊచ తుప్పు పట్టితే ఉబ్బుతుంది మామయ్యా. ఆ ఉబ్బు కింద కాంక్రీటుని తోసేస్తుంది. నీళ్ళు ఆపకుండా ఎన్నిసార్లు పూత పూసినా ఊడుతూనే ఉంటుంది" అంది. స్లాబు కొట్టేసి మళ్ళీ పోయాలంటే నా వల్ల కాదు. కొట్టేసి గోడల మీద నేరుగా రేకులు పరవడం అన్నిటికంటే చవక. మా అమ్మ ససేమిరా అంది. "గాలొచ్చి రేకు లేచిపోతే నేనేడకి పోవాలిరా? ఈసారి తాటిచెట్టు కూడా లేదు."

చివరికి తేలిందేమిటంటే, బోలు చోట్లన్నీ చెక్కేసి, ఊచల తుప్పు గీకి, గట్టి మాలుతో పూడ్చి స్లాబుని ఉంచుదాం. దాని పైన ఇనప ఫ్రేము కట్టి రేకులు వేసి వాన పడకుండా చేద్దాం. ఇప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య ఏ కాలనీకి పోయినా పాత డాబాల నెత్తిన నీలం, ఎరుపు రేకులు కనిపిస్తున్నది ఇందుకే. అందరి కథా ఒకటే.

పని మొదలుపెట్టే ముందు మా మేనకోడలు నన్ను బాపట్ల రమ్మంది, ఒక చర్చి చూపిస్తానని. తెనాలిలో రైలెక్కాను. తర్వాతి స్టేషన్ చుండూరు. 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని నరికి, శవాల్ని తుంగభద్ర డ్రెయిన్లో, కాలువల్లో పడేసిన ఊరు. ఆ రోజుల్లో ఇళ్ళొదిలి తెనాలి చేరిన కుటుంబాలు అక్కడ ఎవరి కప్పు కిందో తలదాచుకున్నాయి. ఆ స్టేషన్ దాటిన ప్రతిసారీ తల వంచి కూర్చుంటాను. ఈసారీ అంతే.

చర్చి బాపట్ల పక్క పల్లెలో ఉంది, మనవాళ్ళదే. తాతల కాలం నాటి మట్టి మాలు గోడలు. పైన మంగుళూరు పెంకు ఉండేది. కోతులు పెంకులు పీకుతున్నాయని, కురుస్తోందని, పదేళ్ళ కిందట చందాలు వేసుకుని పెంకు దించి రంగు రేకులు వేశారు. అందరూ మెచ్చుకున్నారు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90, 100 కిలోమీటర్ల గాలి. చర్చి కప్పు చూరు దగ్గర మొదలై, అరటిపండు తొక్క వలిచినట్టు, కింద ఇనప పట్టీలతో సహా సగం లేచిపోయి పొలంలో పడింది. అదృష్టం, లోపల ఎవరూ లేరు.

"ఎందుకు లేచిందో చెప్పు మామయ్యా" అంది. గాలి గట్టిగా తోసింది, లేచింది అన్నాను. "తొయ్యలా. పీల్చింది" అంది. గాలి కప్పు మీదుగా దూసుకుపోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గి, కప్పుని పైకి లాగుతుందట. చూరులు, మూలలు, మొగురం దగ్గర ఆ లాగుడు మరీ ఎక్కువ. ఆమె నేల మీద పుల్లతో లెక్క వేసి చూపించింది. ఇది నాకు చదువుకునే రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పెంకు కప్పు చదరపు మీటరుకి సుమారు 40 కిలోల బరువు. రేకు 4 కిలోలు. పాత కప్పు నిలబడింది తన బరువుతో. దూలాల్ని గోడకి కట్టాల్సిన అవసరం రాలేదు, పెంకుల బరువే వాటిని తొక్కిపట్టింది. సందుల్లోంచి గాలి కూడా కొంత పోయేది. పెంకు దించి రేకు వేసినప్పుడు ఆ బరువు పోయింది. దాని బదులు కట్టాల్సిన కట్టు ఎవరూ కట్టలేదు. మట్టి మాలు గోడలో బోల్టు దించినా పట్టు ఎక్కడ దొరుకుతుంది?

మన తీరానికి ఇంజనీర్లు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మిచౌంగ్ అందులో సగానికి కాస్త పైన, అంతే. ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 180 దగ్గర అది మూడు రెట్లు దాటుతుంది. చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. పన్నెండడుగుల రేకు బరువు 15, 16 కిలోలుంటే, దాన్ని పైకి లాగే బలం ఏడెనిమిది ధాన్యం బస్తాలంత. ఆ బస్తాల్ని పట్టుకోవాల్సింది రూపాయి, రెండు రూపాయల స్క్రూలు.

ఆ రోజే ఫోనులో నాకు గాలి లెక్కల ప్రమాణం చూపించింది. ఐఎస్ 875, మూడో భాగం, 2015లో సవరించింది. తుఫాను తీరంలో కట్టడాల ప్రాముఖ్యతని బట్టి ఒక గుణకం ఉంది. ఆసుపత్రులు, బడులు, తుఫాను షెల్టర్లకి 1.30. పరిశ్రమలకి 1.15. మిగతావన్నిటికీ 1.00. నాకు ఒళ్ళు మండింది. ఫ్యాక్టరీ యంత్రానికి 1.15, మా అమ్మకి 1.00 అన్నమాట, దీని మీద రాస్తా చూడు అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. "రాయి మామయ్యా. కానీ ఆ ఒకటి కూడా మన కాలనీల్లో ఎవడూ కట్టట్లా. ముందు అది రాయి" అంది. నా ఆవేశం అక్కడే దిగిపోయింది.

తెనాలిలో రేకులు కొనడానికి తనని కూడా తీసుకెళ్ళాను. 0.50 మందం అని చెప్పిన రేకు అంచుకి, కాలేజీ ల్యాబులోంచి అడిగి తెచ్చిన స్క్రూగేజీ పెట్టింది. 0.41 వచ్చింది. షాపాయన కాసేపు దాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "రంగు పూతతో కలిపి చెబుతారమ్మా" అన్నాడు. రంగుతో కలిపినా 0.50 రాలేదుగా బాబాయ్ అంది. లోపల్నుంచి వేరే కట్ట వచ్చింది. ధరా పెరిగింది, అది వేరే సంగతి. స్టూడెంట్లకి చెబుతున్నా, ల్యాబులో నేర్చుకున్నది ఒక్కసారైనా మీ అమ్మ ఇంటి సామాను మీద పెట్టి చూడండి.

ఫ్రేము కట్టిన మేస్త్రీ మనవాడే, వేమూరు వైపు. మంచి పనివాడు. మూడు గట్లకి ఒక స్క్రూ వేసుకుంటూ పోతుంటే ఆపాం. "అందరికీ ఇట్టానే వేస్తున్నాం తమ్ముడూ, ఇంతవరకు ఒక్కటీ ఎగర్లా" అన్నాడు. ఆయన తప్పు కాదు, డబ్బులిచ్చేవాళ్ళు అడగలేదు. చూరుల వెంట, మొగురం వెంట, రెండు చివర్లా ప్రతి గట్టుకీ స్క్రూ. నడుమ గట్టు విడిచి గట్టుకి. ప్రతిదానికీ రబ్బరు వాషరు. ఫ్రేము కాళ్ళు స్లాబు నడిమధ్యలో ఆనకుండా సరిగ్గా గోడల నెత్తిన పడేట్టు, అక్కడ చిన్న కాంక్రీటు బెల్టు పోసి అందులో బోల్టులు పాతాం. నాలుగు మూలలా ఊచలు గోడ వెంట కిందిదాకా దించాం. స్క్రూల ఖర్చు మొత్తం మీద పెరిగింది రెండు వేల చిల్లర.

ఒక్కచోట మాత్రం గొడవైంది. వేడి తగ్గాలంటే స్లాబుకీ రేకుకీ మధ్య గాలి ఆడాలి. గాలి ఆడేంత సందిస్తే తుఫానులో అదే గాలి కింద దూరి ఎత్తుతుంది, పైనుంచి పీల్చేది పీలుస్తూనే ఉంటుంది. చల్లదనం కావాలా, భద్రత కావాలా? డబ్బున్నవాడు రెండూ కొనుక్కుంటాడు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. అందులో ఇళ్ళకి తప్పనిసరి అన్నది 600 గజాల స్థలం దాటితేనే. మా కాలనీలో 600 గజాల్లో ఎన్ని కుటుంబాలుంటాయో లెక్కపెట్టి చూసుకోండి. మేం రెండడుగుల సందు ఉంచి, దానికి తగ్గట్టు బోల్టులు పెంచాం. ఇది సరిపోతుందని మేనకోడలు లెక్క వేసింది. వాళ్ళ సార్‌కి చూపించి సంతకం పెట్టించుకొచ్చింది కూడా.

వరండా మీది పాత సిమెంటు రేకుల సంగతి కూడా చెప్పాలి. నేను చదువుకున్న తెనాలి హాస్టల్ కప్పు కూడా అవే. పగిలిన ముక్కలతో సుద్దలాగా గోడల మీద బొమ్మలు గీసేవాళ్ళం. అందులో ఉండేది ఆస్బెస్టాస్. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది, చాలా దేశాలు నిషేధించాయి, మన దగ్గర ఇంకా అమ్ముతూనే ఉన్నారు. కప్పు మీద కదలకుండా ఉన్నప్పటికంటే, పగలగొట్టినప్పుడూ కోసినప్పుడూ లేచే దుమ్ము ప్రమాదం. మీ ఇంట్లో మార్పించేటప్పుడు బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దించమనండి. పైనుంచి కిందికి విసరనివ్వకండి. పిల్లల్ని ఆ పూట ఇంకెక్కడికైనా పంపండి. పనిచేసేవాళ్ళ ముక్కుకి మాస్కు కట్టించండి, వాళ్ళూ మన పిల్లలే.

రంగు దగ్గర మా ఇంట్లో ఒక పూట ఉద్యమం నడిచింది. అమ్మా నేనూ నీలం అన్నాం. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. మేనకోడలు తెలుపు అంది, ఎండని వెనక్కి కొడుతుందని. "అంబేడ్కర్ ఉంటే ఏం చెప్పేవాడు అమ్మమ్మా? సైన్సు చెప్పినట్టు చెయ్యమనేవాడు" అని నోరు మూయించింది. పైన తెలుపు వేశాం. ముందు అంచు పట్టీ మాత్రం నీలం, రోడ్డు మీదికి కనపడేట్టు.

పని అయ్యాక మూడు రోజులపాటు పక్కిళ్ళవాళ్ళు వచ్చి చూసి పోయారు. పిన్ని ఒకావిడ నిచ్చెనెక్కి, చూరు వెంట స్క్రూలు లెక్కపెట్టి, కిందికి దిగి, వాళ్ళ కప్పు మీద లెక్కపెట్టుకోడానికి వెళ్ళింది. అరగంటకి వచ్చి మా మేనకోడల్ని "ఏమే, మాకెన్ని తక్కువయ్యాయో కాస్త రాసివ్వు" అని అడిగింది. ఆ కాగితం ఇప్పుడు కాలనీలో ఏడో ఇంటికి చేరింది.

నిన్న రాత్రి రేపల్లెలో వాన, గాలి. ఉండబట్టలేక పదకొండింటికి అమ్మకి ఫోన్ చేశాను. రేకుల మీద చినుకుల మోతకి నా మాట ఆమెకి వినపడలేదు, ఆమె మాట నాకూ వినపడలేదు. "ఏందిరా? ఏందీ?" అని రెండుసార్లు గట్టిగా అరిచి, "పడుకోనీ" అని పెట్టేసింది.

హాస్టల్ మెస్సు బిల్లులు వచ్చే ఆదివారం. జై భీమ్.