హాస్యనవల ఆటగా మారిన విధము

హాస్యగ్రంథమును చదువువాడు నవ్వగోరును, ఆటయాడువాడు గెలువగోరును. ఈ రెండు కోరికలును ఒక్కచోట నెట్లు పొసగునను సందేహము మాకు చాలకాలము కలదు. డగ్లస్ ఆడమ్స్ అను ఆంగ్ల రచయిత కృతి యొకటి ఆ సందేహమును చాలవఱకు తీర్చినది.

"ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ" యను నీ కథ 1978లో బి.బి.సి. రేడియో నాటకముగా మొదలై, 1979లో నవలయై, 1984లో కంప్యూటరు ఆటయైనది. ఆటను వెలువరించినది అమెరికాలోని ఇన్ఫోకామ్ కంపెనీ. ఆడమ్స్‌తో కలిసి దానిని రచించినవాడు స్టీవ్ మెరెట్జ్‌కీ. ఇందు బొమ్మలు లేవు. స్క్రీనుపై వాక్యములు కనబడును. మనము "దీపము వెలిగించుము" అను నర్థము వచ్చునట్లు ఆంగ్లమున టైపు చేయగా, ఫలితమును వాక్యరూపముననే వచ్చును.

నవలయందు ఆర్థర్ డెంట్ అను సామాన్యుడు తన యింటిని కూల్చవచ్చిన బుల్డోజరునకు అడ్డముగా పరుండును. చదువరి వానిని జూచి నవ్వును. ఆటయందు ఆ యార్థరు మనమే! ఇంటిలో జాగుచేసితిమా, యిల్లు మనపైననే కూలును.

చెవిలో నుంచుకొనిన సర్వభాషలును తెలియజేయు చేప యొకటి కథలో కలదు. దాని పేరు బాబెలు గోపురమును తలపించునని మన విద్యార్థులు వెంటనే గ్రహింతురు. నవలలో స్నేహితుడు దానిని ఆర్థరు చెవిలో నుంచుట క్షణమాత్రపు పని. ఆటలోనో, యంత్రపు మీట నొక్కగా చేప ఎగిరి గోడకన్నమున దూరును. కన్నమునకు అడ్డముగా గౌను వ్రేలాడదీసిన, నేలనున్న తూములో జాఱును. తూమును తువాలుతో గప్పిన, శుభ్రపఱచు యంత్ర మొకటి వచ్చి యెత్తుకొనిపోవును. ఆ యంత్రపు దారికి సంచి నడ్డము పెట్టిన, వేఱొక యంత్రము చేపను గాలిలోనే పట్టుకొనును. సంచిపై పనికిరాని యుత్తరముల దొంతి నుంచినగాని చేప చెవి జేరదు. మేము ఆడునపుడు, ఓడిన ప్రతిసారియు వచ్చిన ప్రత్యుత్తరమే మమ్ము నవ్వించి, మరల ప్రయత్నింపజేసినది.

అయినను ఒక్క సంగతి మాకు రుచింపలేదు. ఆరంభమున కుక్కకు రొట్టె పెట్టనివాడు, కారణ మెఱుగకయే, బహుదూరము సాగిన పిమ్మట ఓడును. ఇది హాస్యమా, అన్యాయమా? పుస్తకమున కష్టపడువాడు ఆర్థరు గనుక మనము నవ్వగలము. ఇచట పోయినది మన శ్రమ. నవ్వించుటకును, ఏడిపించుటకును నడుమనున్న గీటు ఆటలో మిక్కిలి సన్నము.

అందుచేత నవలను ఆటగా మార్చువాడు హాస్యవాక్యములను ఎత్తివ్రాసిన చాలదని మా యభిప్రాయము. చదువరి ఏ తప్పు చేయునో ముందే యూహించి, ప్రతి తప్పునకును ఒక నవ్వును, ముందునకొక దారిని సిద్ధపఱుపవలయును. విద్యార్థులారా! మొగలితుఱ్ఱునుండి ఇంగ్లండునకు బయలుదేరిన మన బారిస్టరు పార్వతీశము కథలో నొక ఘట్టము నేఱుకొని, ఈ సెలవులలో ఇట్లు వ్రాసి చూడుడు. కంప్యూటరు లేకున్నను కొఱత లేదు. ఒకరు ప్రశ్నింపగా మఱియొకరు కాగితము జూచి బదులిచ్చిన చాలును.