పసుపు బొట్టు రికార్డు

మన గ్రూపుల ఎక్కువగా స్కాలర్‌షిప్‌లు, నోటిఫికేషన్ల పోస్టులే ఉంటయి. ఈసారి ఒక రికార్డ్ ప్లేయర్ గురించి రాస్తున్నం. కొంచెం పెద్దగుంది, ఓపికతో చదవండి. ఇందులో మేము చేసిన తప్పు ఒకటుంది. మీ ఊర్లల్ల ఎవ్వరూ అది చెయ్యొద్దనే ముఖ్యంగా రాస్తున్నం.

మేము నలుగురం హైదరాబాద్‌ల ఒకే హాస్టల్ రూమ్‌ల ఉంటం. అందరం ఉట్నూర్ దిక్కువాళ్ళమే. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకని తాత చానా ఏండ్లు మైక్‌సెట్ నడిపిండు. ఎడ్లబండిల బ్యాటరీ, ఆంప్లిఫయర్, రేకు హార్న్, రికార్డ్ ప్లేయర్ ఏసుకొని పెండ్లిండ్లకు, జాతరలకు పోయేటోడు. క్యాసెట్లు వచ్చినంక రికార్డులన్నీ అటకెక్కినయి.

తాతకు చదువు రాదు. రికార్డు మీద ఏం రాసుందో తెల్వదు. అందుకే కవర్ల మీద తన గుర్తులు తనే పెట్టుకున్నడు. బొగ్గుతో మూడు గీతలుంటే పొద్దుగాల వేసేది. ఎర్రదారం కట్టుంటే బంతి భోజనాలప్పటిది. పసుపు బొట్టుంటే పిల్లను సాగనంపేటప్పుడు వేసేది. ఆ పసుపు బొట్టు రికార్డు పేరు కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. ఏ సినిమాదో ఇంట్ల ఎవరికీ గుర్తు లేదు.

పోయిన ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు తాత అడిగిండు, "చెవులు పూరాగ పోకముందు ఒక్కసారి మోగిస్తరా బిడ్డా?" అని. ఇంజినీరింగ్ చదివే మనవండ్లం కదా, ఆ మాత్రం రాదా అనుకున్నం.

అటక మీది ప్లేయర్‌ను దించి దుమ్ము దులిపి కరెంటు పెట్టినం. తిరిగింది. కానీ సూది పాట మీద నిలవకుండ ఎగురుతుంది. ఎవరో చెప్పంగ విన్నం, తల మీద రూపాయి బిళ్ళ పెడితే నిలుస్తదని. పెట్టినం. నిలిచింది. ఆ సంబరంల పసుపు బొట్టు రికార్డును ఆ రాత్రి పది పన్నెండు సార్లు వేసినం. వీడియోలు తీసినం. తెల్లారి చూస్తే సూది చుట్టూ నల్లటి పొడి వెంట్రుకల లెక్క చుట్టుకొని ఉంది. దుమ్మనుకున్నం. తాత ఆ పొడిని బొటనవేలు మీదకు తీసుకొని చూసి, ఏమీ అనకుండ బయటికి పోయిండు.

అది దుమ్ము కాదు. రికార్డే. మేము గీకి తీసిన పాట.

హాస్టల్‌కు వచ్చినంక కారణం చదివి తెలుసుకున్నం. ఆ పాత ప్లేయర్ సూదికి రెండు మొఖాలుంటయి. ఒకటి 78 రికార్డులకు, ఒకటి 45, 33 రికార్డులకు. 78 గాడి వెడల్పు, కాబట్టి దాని సూది మొన మొద్దుగుంటది. మేము ఆ మొద్దు మొఖంతోనే 45 రికార్డు వేసినం. పైకెళ్ళి రూపాయి బిళ్ళ బరువు. సన్నని గాడిల మొద్దు సూది దిగక గోడలను చెక్కేసింది. పోయిన గాడి మళ్ళ రాదు.

ఇగ ఎట్లనన్న మంచిగ వినిపించాలె అనిపించింది. ఆదివారాలు క్యాటరింగ్‌కు పోయిన పైసలు జమ చేసినం. మెస్ బిల్లు బాకీ ఉన్నోళ్ళకు రికార్డ్ ప్లేయర్ ఎందుకని హాస్టల్‌ల నవ్వినోళ్ళు ఉన్నరు. ఒక షాపుల అయితే మా చెప్పుల దిక్కు చూసి, ఇవి మీ అసుంటోళ్ళకు కాదు తమ్మీ అన్నడు. అప్పుడు జవాబు దొరకలే. తర్వాత దొరికింది. పాత 78 రికార్డులు లక్కతో చేసినవి. మోదుగ, రేగు చెట్ల కొమ్మలకు పట్టే లక్కనే. ఛోటానాగ్‌పూర్ అడవుల్ల ఆదివాసులు కొమ్మలు కోసి అమ్మిన లక్క కలకత్తా పోయి రికార్డు అయ్యింది. అడవి నుంచి పోయిన వస్తువు అడవోళ్ళకు కాదంటే ఎట్ల?

ఎర్రగడ్డ సండే మార్కెట్‌ల బెల్ట్‌తో తిరిగే పాత టర్న్‌టేబుల్ ఒకటి దొరికింది, సూది లేకుండ. బేరమాడి 3,000కు తెచ్చినం. కొత్త బెల్ట్, సూది, చిన్న ప్రీఆంప్ అన్నీ కలిపి 6,800 అయ్యింది. స్పీకర్లు మాత్రం మా రూమ్‌ల కంప్యూటర్‌వే. దీపావళికి దండారి సెలవులు రాంగనే ఊరికి మోసుకపోయినం.

ఈసారి తొందరపడలే. వరుసగా చేసినం.

మొదలు నేల. బల్ల ఊగితే సూది ఊగుతది. నాపరాయి బండ వేసి, మేస్త్రీ దగ్గర రసమట్టం అడుక్కొచ్చి నాలుగు దిక్కులు సరిచేసినం. స్పీకర్లు అదే బల్ల మీద పెట్టొద్దు, వాటి అదురు మళ్ళ సూదికే ఎక్కుతది. వేరే స్టూల్ మీద పెట్టినం.

తర్వాత వేగం. పళ్ళెం మీద కాగితం ముక్క అంటించి చుట్లు లెక్కపెట్టాలె. 33⅓ స్పీడ్ మీద 100 చుట్లకు సరిగ్గా 3 నిమిషాలు పట్టాలె. మాది పాత బెల్ట్‌తో 9 సెకన్లు ఎక్కువ పట్టింది. కొత్త బెల్ట్ వేసి, మోటార్ కింద ఉన్న చిన్న స్క్రూ తిప్పి సరిచేసినం. లెక్క చూడకముందే తాత అన్నడు, "పాట కాళ్ళీడుస్తుంది రా" అని.

తర్వాత బరువు. మేము కొన్నది ఆడియో టెక్నికా ఏటీ 3600ఎల్. దానికి 2.5 నుంచి 3.5 గ్రాముల బరువు పెట్టాలె. బంగారం తూచే అసుంటి చిన్న డిజిటల్ కాంటా మీద సూది దించి 3 గ్రాములకు తెచ్చినం. ఊరికెనే పాత ప్లేయర్‌ను కూడ తూచినం, రూపాయి బిళ్ళ లేకుండనే 8 గ్రాములు చూపించింది. బరువు మరీ తక్కువైనా మంచిది కాదు, సూది గాడిల ఎగిరెగిరి కొడతది.

తర్వాత సూది నిలిచే కోణం. దీనికి కాగితం కొలత ఒకటుంటది, నడిమి నుంచి 66 మిల్లీమీటర్ల కాడ, 121 కాడ సూది తల గీతలకు సరిగ్గా ఉండాలె. జిరాక్స్ షాపోడు పేజీకి సరిపోయేటట్టు చిన్నగ చేసి ప్రింట్ ఇచ్చిండు. స్కేలు పెట్టి చూస్తే తప్ప తెల్వలే. మళ్ళ తీయించినం.

ఆఖరుకు ప్రీఆంప్. రికార్డు చెక్కేటప్పుడే బేస్ తగ్గించి, సన్న చప్పుళ్ళు పెంచి చెక్కుతరు. లేకపోతే గాడి చానా జాగ తింటది. దాన్ని తిరిగి సరిచేసేది ఈ ప్రీఆంప్. అది లేకుండ తాత పాత ఆంప్లిఫయర్ మైక్ రంధ్రంల పెట్టి చూసినం, పాట రేకు డబ్బాల గులకరాళ్ళ లెక్క మోగింది. గుంయ్‌మని మోత వస్తే మాత్రం టర్న్‌టేబుల్ నుంచి వచ్చే ఎర్త్ వైరును ప్రీఆంప్ స్క్రూకు కట్టాలె, తగ్గుతది.

రికార్డులు కడిగింది ఇన్వర్టర్‌ల పోసే డిస్టిల్డ్ వాటర్‌తో, ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తటి బట్టతో గాడి వెంబడే. 78 రికార్డులకు మాత్రం స్పిరిట్ తగలనియ్యొద్దు, లక్క కరిగిపోతది.

దండారి రెండో రాత్రి పసుపు బొట్టు రికార్డు వేసినం. తాత పెట్టె మీద అరచెయ్యి పెట్టి కూసున్నడు. మొదటి చరణంల పాడే ఆమె ఊపిరి తీసుకునుడు వినిపించింది. తబలా వినిపించింది. "హార్న్‌ల ఇది ఎన్నడు వినలే" అని గోండిల అన్నడు. ఎన్ని పెండ్లిండ్లకు వేసిండో, ఆయనే వినలేదట.

రెండో చరణం రాంగనే మేము గీకిన జాగ వచ్చింది. స్‌స్‌మని పాట మునిగిపోయింది. మేము నలుగురం తల వంచుకున్నం. తాత చెయ్యి వణుకుతున్నా సూదిని మెల్లగ లేపి మళ్ళ మొదట్ల పెట్టిండు. ఆ రాత్రి మూడుసార్లు అక్కడిదాకనే విన్నడు. మూడుసార్లు ఆయనే లేపిండు.

ఇప్పుడు ఫోన్ చేస్తే మా చదువుల గురించి అడిగి, ఆఖరుకు "సూది మంచిగుంది" అంటడు.

మీ ఊర్లల్ల కూడ మైక్‌సెట్ తాతలు ఉంటరు. అటక మీద రికార్డులుంటే అమ్మెయ్యొద్దు, పాత ప్లేయర్ మీద వెయ్యొద్దు. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండ, ఎండ తగలని జాగల నిలబెట్టండి. పైసలు ఉంటే ముందు సూదికి పెట్టండి, స్పీకర్లకు తర్వాత. కవర్ల మీద ఏమన్న గుర్తులుంటే తుడవకుండ ఫొటో తీసి, వాటి అర్థం ఆ తాతలనే అడిగి రాసిపెట్టుకోండి. అవి తెలిసినోళ్ళు ఇంకా ఉన్నరు.

ఏదన్న అర్థం కాకపోతే కింద అడగండి, మాకు వచ్చినకాడికి చెప్తం.

జై సేవా.