తూకానికి లొంగని వెండి

ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌కి వెళ్ళినవాళ్ళు కమాను పైకప్పులు చూసి, రంగు దీపాలు చూసి, బేరమాడి వచ్చేస్తారు. 1453లో నగరాన్ని గెలిచిన కొన్నేళ్ళకే రెండో మెహ్మెత్ సుల్తాన్ కట్టించడం మొదలుపెట్టిన బజారు అది. ఇప్పుడు అరవై దాకా వీధులు, నాలుగు వేల దాకా దుకాణాలు. నేను దుకాణాల్లో ఎక్కువసేపు నిలవలేదు. బజారుని ఆనుకుని ఉన్న కల్జిలర్ హాన్ అనే పాత సత్రం మెట్లెక్కాను. అక్కడ వెండి కరిగించేవాళ్ళు ఒక గదిలో, పోత పోసేవాళ్ళు మరో గదిలో, మెరుగు పెట్టేవాళ్ళు ఇంకో గదిలో. గోడలన్నీ మసి. మెట్ల మీద ఎదురొచ్చే ప్రతి మనిషి చేతిలోనూ టీ పళ్ళెం.

ఇలాంటి కార్ఖానాల్లో నగలకంటే ముందు నేలని చూడాలి. ఊడ్చిన దుమ్ముని పారెయ్యరు. ఆకురాయి కింద రాలిన రజను, చేతులు కడిగిన నీళ్ళు, తుడిచిన గుడ్డలు అన్నీ దాచి, కాల్చి, కడిగి, లోహాన్ని రాబట్టుకుంటారు. అదొక ప్రత్యేకమైన వృత్తి. మన కంసాలి వీధుల్లో మట్టి కడిగి రజను ఏరుకునే జలగరివాళ్ళు గుర్తొచ్చారు. వెండి పొడి పిసరంత కూడా లెక్క తప్పదు. పనివాడి పొద్దుకి ఇంత పట్టింపైన లెక్క ఎవరు రాస్తున్నారా అని అప్పుడే అనిపించింది. ఆ ప్రశ్న ప్రయాణమంతా వెంటే వచ్చింది.

నేను వచ్చింది తీగపని కోసం. కరీంనగర్ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి అది కొత్తదేం కాదు. పెళ్ళి పందిట్లో గంధం గిన్నె, పన్నీరు బుడ్డి, కుంకుమ భరిణె, అన్నీ వెలుతురు దూరే వెండి అల్లికలే. ఎలగందులలో మొదలై కరీంనగర్‌లో స్థిరపడిందని చెప్పుకునే ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పీటల మీద కొత్తగా కూర్చునేవాళ్ళు మాత్రం తగ్గుతూనే ఉన్నారు. తుర్కియేలో ఇదే పనిని తెల్కారి అంటారనీ, మిద్యాత్ అనే ఊళ్ళో ఇంకా చేత్తో చేస్తున్నారనీ, ఓపిగ్గా కూర్చుంటే నేర్పుతారనీ విని బయల్దేరాను.

మిద్యాత్ తుర్కియే ఆగ్నేయ మూల మార్దిన్ రాష్ట్రంలో ఉంది. ఇస్తాంబుల్ నుంచి మార్దిన్‌కి విమానం, అక్కడి నుంచి గంటకు పైగా రోడ్డు. దక్షిణాన సిరియా సరిహద్దు దాకా మెసొపొటేమియా మైదానం పరుచుకుని ఉంటుంది. ఊరంతా తేనెరంగు సున్నపురాయి. కిటికీల చుట్టూ, గుమ్మాల మీదా ఆ రాతిని ఎంత సన్నగా చెక్కారంటే, ఈ ఊళ్ళో వెండిని తీగలు తీయడం వింతగా తోచదు. తీగపని ఈ నేలకి చాలా పాతది. ఇదే మెసొపొటేమియా దక్షిణ కొసన, ఊర్ రాజ సమాధుల్లో దొరికిన క్రీ.పూ. 2500 నాటి నగల్లోనే తీగ అతికిన పని ఉంది.

మిద్యాత్ తెల్కారి పేరు చెబితే సుర్యానీ క్రైస్తవుల పేరు చెప్పుకోవాల్సిందే. అరమాయిక్‌కి చెందిన భాష మాట్లాడే ప్రజలు వాళ్ళు. ఊరికి కాస్త దూరంలో ఉన్న వాళ్ళ మోర్ గాబ్రియేల్ మఠాన్ని క్రీ.శ. 397లో స్థాపించారు, ఇప్పటికీ అందులో ప్రార్థనలు జరుగుతున్నాయి. ఈ ప్రాంతంలో తెల్కారి ఉస్తాలు, అంటే ఆరితేరిన పనివాళ్ళు, చాలామంది వాళ్ళే. 1915లో వాళ్ళ మీద జరిగిన ఊచకోతలో ఎందరో పోయారు. మిగిలినవాళ్ళలో చాలామంది 1960ల తర్వాత బతుకు తెరువు కోసం, 1980, 90లలో ఇక్కడి పోరాటాల భయంతో జర్మనీకీ స్వీడన్‌కీ వెళ్ళిపోయారు. స్వీడన్‌లోని సోదర్తాల్యె పట్టణంలో ఇప్పుడు వాళ్ళ చర్చిలున్నాయి, ఫుట్‌బాల్ జట్లున్నాయి. పని మాత్రం వాళ్ళతో పూర్తిగా పోలేదు. వాళ్ళ దగ్గర పిల్లలుగా చేరిన కుర్దులు, అరబ్బులు కూడా ఉస్తాలయ్యారు. నేను కూర్చున్న కార్ఖానాలో పెద్దాయన కుర్దు. ఆయన గురువు సుర్యానీ. గురువు ఫొటో పట్టకార్లు తగిలించిన మేకుల పక్కనే గోడ మీద ఉంది.

పెద్దాయనకి ఇంగ్లీషు రాదు, నాకు తుర్కీ రాదు. కాలేజీలో చదివే ఆయన మనవడు మధ్యలో కూర్చుని రెండు పక్కలా చెప్పేవాడు. కొంతసేపటికి ఆ అవసరం కూడా తగ్గింది. పనిముట్లన్నీ తెలిసినవే: మూస, దాగలి, ఆకురాయి, శ్రావణం, కమ్మచ్చు. మన కంసాలిని తీసుకెళ్ళి ఆ పీట మీద కూర్చోబెడితే పనిముట్ల కోసం తడుముకోడు.

మొదట వెండిని మూసలో కరిగించి కడ్డీగా పోస్తారు. దాన్ని రోలర్ల మధ్య సాగదీసి, కమ్మచ్చు చిల్లుల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతారు. చిల్లు మారినప్పుడల్లా తీగ సన్నబడుతుంది. లాగినకొద్దీ బిరుసెక్కుతుంది కూడా. బిరుసెక్కిన తీగని చుట్టచుట్టి మంట మీద కాచి మెత్తబరచకపోతే తెగి చేతిలోకొస్తుంది. ఇలా రెండు రకాల తీగలు సిద్ధమవుతాయి. కాస్త లావుది చట్రానికి. లోపల నింపడానికి మాత్రం వెంట్రుకంత సన్నటి తీగలు రెంటిని పురి పెట్టి, పేనినదాన్ని మళ్ళీ రోలర్లలో అణగదొక్కుతారు. అప్పుడది సన్నటి నాడా అవుతుంది. దాని అంచున పురి గుర్తులు వరసగా ముత్యాల్లా నిలుస్తాయి. తెల్కారి మెరుపంతా ఆ అంచులోనే ఉంది. నున్నటి తీగయితే వెలుతురు ఒక్కచోటే తగులుతుంది, పురి అంచు మీద ముక్కలు ముక్కలుగా తగులుతుంది.

చట్రాన్ని ఆకులాగో పువ్వులాగో వంచాక అసలు పని మొదలవుతుంది. నాడాని కత్తిరించి, శ్రావణం కొసతో చుట్టలు చుట్టి, చట్రం లోపలి గడిలో ఇరికించాలి. జిగురు లేదు, దారం లేదు. చుట్ట విచ్చుకోవాలని చూస్తుంది, చట్రం విచ్చుకోనివ్వదు. ఆ పంతం మీదే అతుకు పడేదాకా నిలబడాలి. చుట్ట వదులైతే జారిపోతుంది, బిగువెక్కువైతే చట్రం వంకర పోతుంది. మనవడు అరనిమిషంలో నింపే గడికి నాకు పట్టిన సమయం చెప్పుకోకపోవడమే మేలు. పెద్దాయన ఏమీ అనలేదు. నా ముక్క తీసి వెలుతురుకి అడ్డం పెట్టి చూసి, మళ్ళీ నా ముందు పెట్టేవాడంతే.

అతుకు దగ్గర మాత్రం ఆయన శ్రావణం ఎవరికీ ఇవ్వడు. వెండికి రాగి, జింకు కలిపి చేసిన అతుకు లోహాన్ని ఆకురాయితో పొడిచేసి, వెలిగారం కలిపి, తడిపిన నగ మీద ఉప్పు చల్లినట్టు చల్లుతారు. శుద్ధమైన వెండి 961 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అతుకు పొడి అంతకంటే బాగా ముందే కరగాలి, కరిగి సందుల్లోకి పాకాలి. చిక్కెక్కడంటే లావు చట్రం మెల్లగా వేడెక్కుతుంది, వెంట్రుక తీగ ఇట్టే ఎర్రబడుతుంది. మంట తిన్నగా తీగ మీద పడితే రోజంతా పేర్చిన అల్లిక రెప్పపాటులో ముద్దవుతుంది. అందుకని మంటని చట్రం చుట్టూ తిప్పుతూ వేడిని లోపలికి నడిపిస్తారు. అతుకు పాకిన క్షణంలో నగ మీద తడి మెరుపు ఒకటి పరుగెత్తుతుంది. అది కనబడగానే మంట తీసెయ్యాలి.

“మా ఉస్తా ఊదుగొట్టంతో నోటితో ఊదేవాడు. ఇప్పుడు గ్యాసు వచ్చింది” అన్నాడు పెద్దాయన. “గ్యాసు కూడా నగని పాడుచేస్తుంది. కాకపోతే త్వరగా చేస్తుంది.”

ఒక మధ్యాహ్నం బయటూరి నుంచి వచ్చిన ఒక జంట చెవి జుంకాలు చూశారు. వాళ్ళకి నచ్చాయి. జంటలో మగాయన త్రాసు మీద పెట్టమన్నాడు. నాలుగైదు గ్రాములు తూగాయి. “గ్రాము ఎంత?” అని అడిగి, ఫోన్లో వెండి ధర చూసి, పెద్దాయన మోసం చేస్తున్నట్టు మొహం పెట్టాడు. “బరువు కావాలంటే పక్క షాపులో పోత పోసినవి ఉన్నాయి, బాగా తూగుతాయి” అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు, దారి అడిగిన మనిషికి దారి చెప్పినట్టే అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? మన ఊళ్ళో షావుకారు తరుగు ఇంత, మజూరీ ఇంత అని చెప్పగానే మొదట మజూరీ దగ్గరే బేరం మొదలుపెడతాం. లావు కడియానికి అది చెల్లుతుందేమో. తీగపనిలో మాత్రం ఆ లెక్క తలకిందులవుతుంది. పనితనం పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుంది, బరువు తగ్గుతుంది. గ్రాముల లెక్కన కొంటే మంచి పనివాడికి తక్కువ డబ్బు, మొరటు పనివాడికి ఎక్కువ డబ్బు. మిద్యాత్ బజారులో అచ్చు పోసిన తెల్కారి ఎందుకు నిండిపోయిందో, కరీంనగర్‌లో పీటలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో తెలుసుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

మిద్యాత్ నుంచి నల్లసముద్రం ఒడ్డున ఉన్న త్రాబ్‌జోన్‌కి బస్సు. తుర్కియే బస్సుల్లో కుర్రాడొచ్చి చేతుల్లో నిమ్మ అత్తరు పోస్తాడు, టీ ఇస్తాడు, కేకు ఇస్తాడు. ప్రయాణం పొడుగునా కొండలు, ఆ తర్వాత వాన. త్రాబ్‌జోన్‌లో వెండి పనికి నిప్పు అక్కర్లేదు. కజాజియె అనే పనిలో 0.08 మిల్లీమీటర్ల శుద్ధమైన వెండి తీగని పట్టుదారం మీద చుట్టి, ఆ దారంతో సూదిపెట్టి ముడులు అల్లుతారు. ముట్టుకుంటే బట్టలాగే ఉంటుంది. మరొకటి హసిర్, చాపలా అల్లిన వెడల్పాటి కంకణం. అక్కడి పెళ్ళికూతుళ్ళకి అది బంగారంలో ఉండి తీరాలి. దీన్ని ఎక్కువగా ఆడవాళ్ళు ఇళ్ళలో అల్లుతారు. తీగ షాపువాడిది, అల్లిక ఆమెది, కొక్కెం పెట్టి అమ్మేది మళ్ళీ షాపువాడు. నరసాపురం లేసు కథ తెలిసినవాళ్ళకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. అరుగుల మీద కూర్చుని లేసు అల్లిన మన గోదావరి ఆడవాళ్ళ పనిని కూడా చాలాకాలం ఖాళీ సమయంలో చేసే కాలక్షేపమనే అన్నారు.

సులేమాన్ సుల్తాన్ పుట్టింది ఈ త్రాబ్‌జోన్‌లోనే, 1494లో. ఒట్టోమన్ రాకుమారులు ఏదో ఒక చేతిపని నేర్చుకోవాలన్నది ఆచారం. ఆయన నేర్చుకున్నది కంసాలి పని. ఆయన చేసిన నగని గ్రాము ఎంత అని ఎవరూ అడిగి ఉండరు.

కొన్ని వారాల్లో ఎవరూ ఉస్తా కారు. నాకు చేతకాలేదు, చేతవుతుందన్న ఆశతో వెళ్ళలేదు కూడా. చేతిపనిని పోతపని నుంచి వేరుచేసి చూసే కన్ను మాత్రం వచ్చింది. మీరు మిద్యాత్‌లో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా నగని ముందు తిరగేసి చూడండి. చేత్తో చేసినదాంట్లో తీగ అంచున పురి గుర్తులు విడివిడిగా కనబడతాయి, వెనకవైపు అతుకులు అక్కడక్కడా తగులుతాయి, ఒకే జత జుంకాల్లో కూడా రెండు చుట్టలు అచ్చంగా ఒకేలా ఉండవు. పోత పోసినదాంట్లో అంచులు అరిగినట్టు మొద్దుగా ఉంటాయి, చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. చేతిపని అని తేలితే త్రాసు పక్కన పెట్టమనండి. ఎన్ని రోజులు పట్టిందో అడగండి, ఆ రోజులకి కూలి కట్టండి. మజూరీ దగ్గర బేరమాడకండి.